వార్డు నుంచి లోక్‌సభ దాకా: రాజకీయాల్లోకి రాదలచిన న్యాయవాదికి దారి

1924లో ఈ దేశంలోని పెద్ద పురపాలక సంఘాల కుర్చీల్లో ఎవరున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. అలహాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ, అహ్మదాబాదులో వల్లభ్‌భాయి పటేల్, పట్నాలో రాజేంద్రప్రసాద్, కలకత్తాలో చిత్తరంజన్ దాస్. నలుగురూ న్యాయవాదులే. అంతకు ఏడేళ్ల ముందు సేలం పురపాలక సంఘానికి అధ్యక్షుడైన రాజగోపాలాచారి అదే ఊరి కోర్టులో ఆరితేరిన వకీలు. ఇంకా వెనక్కి వెళ్తే మన టంగుటూరి ప్రకాశం ఉన్నారు. రాజమహేంద్రవరంలో రెండో తరగతి ప్లీడరుగా మొదలుపెట్టి, ఆ ఊరి పురపాలక అధ్యక్ష పదవి చేసి, ఆ తర్వాతే ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చారు. 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1946లో మద్రాసు ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా పిలిచేవారు), 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. వీరంతా ఏదో ఒక దశలో మురుగు కాలువలు, వీధి దీపాలు, ఇంటి పన్ను లెక్కలు చూసినవారే.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే యువ న్యాయవాదులు అడిగేది మాత్రం ఒక్కటే: "సార్, ఎంపీ టికెట్ ఎలా వస్తుంది?" టికెట్ దాకా వెళ్లడానికి ముందు పదిహేను, ఇరవై ఏళ్ల పని ఉంది. ఆ పని ఏ వరసలో చేయాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పరిస్థితులను దృష్టిలో పెట్టుకుని చెబుతాను. రాజకీయాల్లో న్యాయవాదికి ఉపన్యాసం కంటే కాగితమే పెద్ద బలం. ఇతరులు చదవకుండా సంతకం పెట్టే కాగితాన్ని అతను చదువుతాడు, గడువు గుర్తు పెట్టుకుంటాడు. చిత్రమేమిటంటే అతణ్ణి ముంచేది కూడా తరచూ కాగితమే. అదీ తన సొంత కాగితం.

మొదటి మెట్టు: వకాలతు నిలబడాలి

ఎన్‌రోల్ అయిన రెండో ఏటనే పార్టీ కండువా వేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. కక్షిదారులు దూరమయ్యారు, పార్టీ దగ్గర కాలేదు. కనీసం ఏడెనిమిదేళ్లు కోర్టులో నిలదొక్కుకోండి. రాజకీయం చాలా కాలం పాటు చేతి డబ్బు తినే పని. ఇంటి ఖర్చు ఫీజులతో గడిచేవాడికే పార్టీ ఆఫీసులో నోరు విప్పే స్వేచ్ఛ ఉంటుంది.

ఎలాంటి కేసులు చేస్తారన్నది కూడా ముఖ్యమే. భూమి హద్దులు, పాసుపుస్తకంలో తప్పులు, మోటారు ప్రమాద పరిహారం, మనోవర్తి, కూలీలకు రావలసిన బకాయిలు: ఇలాంటి కేసుల్లో కక్షిదారు ఒక్కడే అయినా అతని వెంట పదిమంది వస్తారు. వాయిదా రోజు మీరు సమయానికి వచ్చారా, మీ గుమాస్తా మర్యాదగా మాట్లాడాడా, కేసు ఓడినప్పుడు నిజం చెప్పారా అన్నది ఆ పదిమంది ఊళ్లో చెప్పుకుంటారు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద జరిగే లోక్ అదాలత్‌లకు, గ్రామాల్లో పెట్టే న్యాయ అవగాహన శిబిరాలకు వెళ్లండి. అక్కడ మాట్లాడవలసింది తక్కువ, వినవలసింది ఎక్కువ.

బార్ అసోసియేషన్ ఎన్నికల్లో ఒకసారి నిలబడటం మంచి సాధన. మొహమాటం తీరుతుంది. ఓటు వేస్తానని చెప్పినవాడు వేయకపోతే ఎలా ఉంటుందో తెలుస్తుంది. అంతకుమించి దాన్నుంచి ఆశించకండి. బార్‌లో ఓటరు మీతో సమానుడు, టీ తాగుతూ వాదిస్తాడు. బయటి ఓటరు అలా వాదించడు, తల ఊపి ఊరుకుంటాడు.

ఇక్కడే ఒక జాగ్రత్త. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది న్యాయవాది తన వృత్తిని ప్రచారం చేసుకోవడాన్ని నిషేధిస్తుంది. బార్ అసోసియేషన్ అధ్యక్షుడినని నేమ్‌ప్లేటు మీద రాసుకోవడం కూడా ఆ నియమం కింద తప్పే. పుట్టినరోజు ఫ్లెక్సీ మీద "ఉచితంగా కేసులు వాదించే మీ న్యాయవాది" అని అనుచరులు వేయించిన ఫొటోతో బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు వెళ్తే, జవాబు చెప్పుకోవలసింది మీరు. ఫ్లెక్సీలో ఏం రాయాలో ముందే చెప్పి ఉంచండి.

రెండో మెట్టు: మీ సొంత ఫైలు సర్దుకోండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

పార్లమెంటు సభ్యత్వానికి అనర్హతలు రాజ్యాంగం 102వ అధికరణంలో ఉన్నాయి, శాసనసభకు 191లో. రెండింటిలోనూ మొదటిది ప్రభుత్వం కింద లాభదాయక పదవి, అంటే డబ్బు వచ్చే లేదా రాగల ప్రభుత్వ పదవి. న్యాయవాదికి ఇది దూరపు సంగతి కాదు. ప్రభుత్వ ప్లీడరు, అదనపు పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఏదో ఒక ప్రభుత్వ సంస్థ ప్యానెల్: జిల్లా కోర్టులో కాస్త పేరున్న ప్రతి వకీలుకూ ఇలాంటి నియామకం ఒకటి ఉంటుంది. మహదేవ్ వర్సెస్ శాంతిభాయ్ కేసులో రైల్వే ప్యానెల్‌లో ఉన్న న్యాయవాది లాభదాయక పదవిలో ఉన్నట్టేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత కాంతా కథూరియా కేసులో, ఒక్క వ్యవహారం కోసం ప్రత్యేక ప్రభుత్వ ప్లీడరుగా నియమితులైన న్యాయవాది విషయంలో మెజారిటీ న్యాయమూర్తులు అది పదవి కిందికి రాదన్నారు. రెండింటి మధ్య గీత సన్నం. ఆ గీత మీద నడుస్తూ నామినేషన్ వేయడం తెలివైన పని కాదు. పైగా జయా బచ్చన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం డబ్బు నిజంగా తీసుకున్నారా లేదా అన్నది లెక్కలోకి రాదు, తీసుకునే హక్కు ఉంటే చాలు. "నేను ఒక్క బిల్లు కూడా పెట్టలేదండీ" అనే సమాధానం అక్కడ నిలవదు.

కాబట్టి ఏ ఎన్నికకైనా ఆరు నెలల ముందే ఇలాంటి నియామకాలన్నింటికీ రాజీనామా ఇవ్వండి. రాజీనామా ఇచ్చి ఊరుకుంటే సరిపోదు, ఆమోదించినట్టు ఉత్తర్వు చేతికి రావాలి. కలెక్టరేట్‌లో ఆ ఫైలు ఏ బల్ల మీద ఉందో మీరే వెళ్లి కనుక్కోండి. కక్షిదారు పని అయితే కనుక్కునేవారే కదా.

స్థానిక సంస్థలకు నిబంధనలు వేరు. పంచాయతీరాజ్ చట్టంలో అనర్హతల జాబితా చదివితే అందులో న్యాయవాది ప్రస్తావనే కనిపిస్తుంది: పంచాయతీ తరఫున ఫీజు తీసుకుని వాదించేవాడు, పంచాయతీకి వ్యతిరేకంగా వాదించేవాడు. పోటీ చేయదలచిన సంస్థ మీద మీ చేతిలో వకాలతు ఉంటే, దాన్ని ఇంకొకరికి అప్పగించి బయటపడండి. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయిలు కట్టి రసీదులు దాచుకోండి. పిల్లల సంఖ్యకు సంబంధించిన నిబంధన మన రాష్ట్రాల్లో మారుతూ వచ్చింది. పాత పుస్తకం చూసి ధైర్యపడకుండా, అలాగే భయపడకుండా, నోటిఫికేషన్ రోజున అమలులో ఉన్న పాఠం చూడండి.

తర్వాత కేసులు. ధర్నా చేసినా, రాస్తారోకోలో కూర్చున్నా మీ మీద ఎక్కడో ఒక ఎఫ్‌ఐఆర్ పుడుతుంది. ఏ ఠాణాలో, ఏ నంబరుతో, ఏ సెక్షన్ల కింద, ఏ దశలో ఉందో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. పదేళ్ల తర్వాత అఫిడవిట్‌లో అవన్నీ రాయాలి, మరిచిపోయాననడం కుదరదు. రెండేళ్లు, అంతకుమించి శిక్ష పడితే ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ కింద శిక్షాకాలమంతా, విడుదలయ్యాక మరో ఆరేళ్లూ పోటీకి అనర్హులు. కొన్ని నేరాలకైతే అంత శిక్ష కూడా అక్కర్లేదు. సభ్యులుగా ఉన్నవారికి అప్పీలు పేరుతో మూడు నెలల వెసులుబాటు ఇచ్చిన ఉపసెక్షన్‌ను 2013లో లిలీ థామస్ తీర్పు కొట్టివేసింది. అప్పీలులో శిక్ష అమలు నిలిపితే చాలదు, దోష నిర్ధారణ మీదే స్టే రావాలి.

ఆఖరిది ఆదాయం. లోక్‌సభ అఫిడవిట్‌లో మీవి, మీ జీవిత భాగస్వామివి, మీపై ఆధారపడినవారివి అయిదేళ్ల ఆదాయ పన్ను వివరాలు రాయాలి. ఫీజు నోట్ల కట్టల్లో తీసుకుని రిటర్నులో మూడు లక్షలు చూపించే అలవాటు మన వృత్తిలో లేదని నేను బుకాయించను. ఆ అలవాటు ఉంటే ఈ రోజే మానండి. ఇల్లు, కారు ఒక కాలమ్‌లో, ఆదాయం ఇంకో కాలమ్‌లో పక్కపక్కనే అచ్చవుతాయి. ప్రత్యర్థి వాటిని కరపత్రం వేయించి పంచుతాడు.

మూడో మెట్టు: వార్డు

పంచాయతీ, పురపాలక ఎన్నికలకు 21 ఏళ్లు నిండితే చాలు. ఆ స్థానిక సంస్థ ఓటర్ల జాబితాలో మీ పేరుండాలి. పట్నంలో ప్రాక్టీసు చేస్తూ ఓటు కూడా అక్కడికి మార్చుకున్నవాళ్లు సొంత ఊళ్లో సర్పంచిగా పోటీ చేయలేరు. ఈ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, కేంద్ర ఎన్నికల సంఘం కాదు. నిబంధనల పుస్తకాలు వేరు, గుర్తులు వేరు. సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. ఎంపీటీసీ, జడ్పీటీసీ, కౌన్సిలర్, కార్పొరేటర్ స్థానాలకు పార్టీ గుర్తులుంటాయి.

రిజర్వేషన్ల చక్రం ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పలేం. మన రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. మీరు అయిదేళ్లు తిరిగిన వార్డు మహిళలకు రిజర్వు అయితే, భార్యను నిలబెట్టి ఆమె కుర్చీలో తాను కూర్చునే పని మాత్రం చేయకండి. చట్టం చదివినవాడు చేయదగిన పని కాదది. పక్క వార్డులో ప్రయత్నించండి, లేదా అక్కడే పనిచేస్తున్న మహిళకు తోడుగా నిలబడి ఆ ఎన్నిక నుంచి నేర్చుకోండి.

పనిముట్టు ఓటర్ల జాబితా. దాన్ని అచ్చు తీసి, అట్ట వేయించి, ఇంటి నంబర్ల వరసలో తిరగండి. నేను చూసిన ఒక కౌన్సిలర్ అభ్యర్థి, వృత్తిరీత్యా న్యాయవాది, జాబితా పక్క మార్జిన్‌లో పెన్సిలుతో గుర్తులు పెట్టుకునేవాడు: పింఛను ఆగినవారికి ఒక గీత, ఇంటి పట్టా లేనివారికి సున్నా, వలస వెళ్లినవారికి బాణం. మొదటి రోజు ఒక ముసలామె గుమ్మం దగ్గర అతను పింఛను ఎందుకు ఆగిందో, ఏ ఉత్తర్వు ప్రకారం తిరిగి రావాలో పది నిమిషాలు వివరించాడు. ఆమె ఓపిగ్గా విని, "అదంతా సరే బాబూ, ఆఫీసుకు నువ్వు వస్తావా?" అంది. మర్నాడు వెళ్లాడు. వేలిముద్ర పడక ఆగిన పింఛను అది. అక్కడి ఉద్యోగి ఇంకో వేలితో ప్రయత్నిస్తే పడింది. చట్టం అవసరమే రాలేదు. ఆ సాయంత్రం నుంచి అతను గుమ్మాల దగ్గర తక్కువ మాట్లాడటం మొదలుపెట్టాడు.

మీ వృత్తి నేర్పిన అలవాట్లలో కొన్నింటిని ఇక్కడ విడిచిపెట్టాలి. కోర్టులో ఎదుటివాడి మాటలో లొసుగు పట్టుకోవడం గెలుపు. గుమ్మం దగ్గర అదే పని చేస్తే ఓటు పోతుంది. ఇరుగుపొరుగు గోడ తగాదాలో ఇద్దరూ మీ ఓటర్లే. ఒకరి వకాలతు తీసుకున్న క్షణం రెండో ఇల్లు మీది కాకుండా పోతుంది. వార్డులో తగవులకు మధ్యవర్తిగా కూర్చోండి, కోర్టుకే వెళ్తామంటే వేరే న్యాయవాది దగ్గరికి పంపండి. ఫీజు పోతుంది, పోనివ్వండి.

నాలుగో మెట్టు: సమావేశ మందిరం

గెలిచాక న్యాయవాది తక్కినవారికంటే ఒక మెట్టు పైన మొదలుపెడతాడు, చదివే ఓపిక ఉంటే. కౌన్సిల్ సమావేశానికి ముందు ఎజెండా ఇంటికి వస్తుంది. ఎక్కువమంది దాన్ని సమావేశం రోజు కారులో తెరుస్తారు. మీరు ముందు రోజు రాత్రి తెరవండి. చివర్లో ఎక్కడో ఒక అంశం ఉంటుంది: ఫలానా పని అత్యవసరం దృష్ట్యా ముందే చేయించినందున, అయిన ఖర్చుకు కౌన్సిల్ ఆమోదం కోరడమైనది. ఎంత ఖర్చు, టెండరు ఎందుకు పిలవలేదు, కొలతల పుస్తకంలో నమోదైందా అని మూడే ప్రశ్నలు నిదానంగా అడగండి. జవాబు రాకపోతే మీ అసమ్మతిని మినిట్స్‌లో రాయించండి. అరిచి బల్ల చరిచినవాడి ఫొటో పేపర్లో వస్తుంది, నిజమే. ఆడిట్ వచ్చినప్పుడు మాత్రం మినిట్స్‌లో పేరున్నవాడే బయటపడతాడు.

ప్రతి అన్యాయాన్నీ రిట్ పిటిషన్ చేయాలన్న దురద ఆపుకోండి. మీ మునిసిపాలిటీ మీద మీరే హైకోర్టుకు వెళ్తే అధికారులు మీ వార్డు ఫైలు ముట్టుకోవడం మానేస్తారు. ముందు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు, ముప్పై రోజుల గడువు, ఆ తర్వాత అప్పీలు. చాలా పనులు ఆ రెండు కాగితాల మధ్యే అయిపోతాయి.

ఛైర్మన్, మేయర్, మండల పరిషత్తు అధ్యక్ష ఎన్నికలు పరోక్షంగా జరిగేచోట పార్టీ విప్ ఉంటుంది, అంటే ఎవరికి ఓటేయాలో సభ్యులకు పార్టీ ఇచ్చే ఆదేశం. ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. విప్ ఎవరు, ఎప్పుడు, ఎలా అందించాలన్న నిబంధనలు తెలిసిన ఒక్క మనిషి పార్టీకి ఆ రోజు బంగారంతో సమానం. మీరు ఆ మనిషి కండి.

స్థానిక సంస్థల ప్రతినిధులకు ఇంకో తలుపు ఉంది. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం శాసన మండలి సభ్యుల్లో మూడో వంతును స్థానిక సంస్థల సభ్యులే ఎన్నుకుంటారు, పన్నెండో వంతును పట్టభద్రులు. మన రెండు రాష్ట్రాల్లోనూ మండలి ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో 58 స్థానాలు, తెలంగాణలో 40. జిల్లా అంతటా కౌన్సిలర్లు, ఎంపీటీసీలు పేరుతో పిలిచే న్యాయవాదికి ఇది అందని ద్రాక్షేమీ కాదు. దీనికి 30 ఏళ్లు నిండాలి.

అయిదో మెట్టు: పార్టీ

పార్టీల్లో న్యాయవాదుల కోసం లీగల్ సెల్ అని ఒకటి ఉంటుంది. అది మంచి గుమ్మమే. అక్కడే స్థిరపడిపోతే మాత్రం ఇరుక్కున్నట్టే. కార్యకర్తలకు బెయిళ్లు, నాయకులకు నోటీసులు, ఎన్నికల రోజున ఫిర్యాదులు: ఇరవై ఏళ్లు ఉచితంగా చేయించుకుని టికెట్ వేళకు "మీరు లేకపోతే లీగల్ సెల్ ఎవరు చూస్తారండీ" అంటారు. ఆ మాట పొగడ్త కాదు. కాబట్టి సెల్‌లో పనిచేస్తూనే మండల, నియోజకవర్గ స్థాయిలో ఒక సంస్థాగత బాధ్యత అడిగి తీసుకోండి. సభ్యత్వ నమోదు, బూత్ కమిటీలు, ఏదైనా సరే. ఓట్లు తెచ్చేవాడిగా మీ పేరు ఎక్కడో ఒకచోట ఎక్కాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 25 లోక్‌సభ స్థానాలు, 175 శాసనసభ స్థానాలు. తెలంగాణలో 17, 119. రెండుచోట్లా ఒక లోక్‌సభ స్థానం కింద ఏడేసి అసెంబ్లీ సెగ్మెంట్లు వస్తాయి. మీ సొంత సెగ్మెంటు ఒకటి, మీకు పరాయివి ఆరు. ఆ ఆరింటిలో జిల్లా కోర్టు, మునసబు కోర్టు ఉన్న ప్రతి పట్టణంలోనూ మీకు తెలిసిన వకీలు ఒకడుంటాడు. ఈ సౌకర్యం ఇంకే వృత్తికీ ఇంత సులువుగా దొరకదు. ఆ స్నేహాలను వాయిదాలు అడగడానికే వాడకుండా, నెలకొకరి ఊరికి వెళ్లి రండి.

గత ఎన్నికల ఫారం 20 సంపాదించి ముందేసుకోండి. పోలింగ్ కేంద్రాల వారీగా ఎవరికెన్ని ఓట్లో అందులో ఉంటుంది, అందరికీ అందుబాటులో ఉండే పత్రమే. రెండు మూడు ఎన్నికలవి పక్కపక్కన పెట్టి చూస్తే మీ పార్టీ ఏ కేంద్రాల్లో ఎప్పుడూ ఓడుతోందో, ఏవి ఊగిసలాడుతున్నాయో తేలుతుంది. టికెట్ అడగడానికి వెళ్లినప్పుడు పూలగుచ్ఛంతో పాటు ఆ రెండు పేజీలు పట్టుకెళ్లండి.

నేరుగా లోక్‌సభకా, శాసనసభ మీదుగానా? చట్టం ప్రకారం వరస లేదు, రెండింటికీ 25 ఏళ్లే. నా అభిప్రాయం అడిగితే శాసనసభలో ఒక విడత పనిచేసినవాడు లోక్‌సభలో తక్కువ తడబడతాడు. పీవీ నరసింహారావు న్యాయశాస్త్ర పట్టభద్రుడు. 1957 నుంచి 1977 దాకా మంథనికి ప్రాతినిధ్యం వహించి, మధ్యలో ముఖ్యమంత్రిగా చేసి, ఆ తర్వాతే 1977లో హనుమకొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. అక్కడి నుంచి ప్రధాని పదవికి ఇంకో పద్నాలుగేళ్లు.

రాజ్యసభ సంగతి వేరు. 30 ఏళ్లు నిండాలి, ఓటర్లు శాసనసభ్యులు. ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలు. 2003 సవరణ తర్వాత ఆ రాష్ట్రంలో నివాసం ఉండాలన్న నిబంధన కూడా లేదు. పెద్ద కోర్టుల్లో పేరు మోసిన న్యాయవాదులు ఎక్కువగా ఈ దారినే వెళ్తారు. అది పార్టీ అధినేత చేతిలో ఉన్న తలుపు. తట్టడం వరకే మీ పని.

ఆరో మెట్టు: నామినేషన్

నోటిఫికేషన్ వచ్చిన ఏడో రోజు నామినేషన్లకు ఆఖరు. మర్నాడు పరిశీలన, ఆ తర్వాత రెండో రోజు ఉపసంహరణకు గడువు. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకానే తీసుకుంటారు. ఆఖరి రోజు మంచి ముహూర్తం ఉందని ఆగేవారిని ఎవరూ ఆపలేరు గాని, మీరు కనీసం ఒక సెట్టు ముందే వేసేయండి. నాలుగు సెట్ల దాకా వేయవచ్చు.

లోక్‌సభకు నామినేషన్ పత్రం ఫారం 2ఎ. డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే డిపాజిట్ గల్లంతే. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రులకు, ఇతరులకు పదిమంది కావాలి. ప్రతిపాదకులు ఆ నియోజకవర్గ ఓటర్లే అయి ఉండాలి. మీ ఓటు దేశంలో ఏ లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నా ఫరవాలేదు, కాకపోతే వేరే చోట ఉంటే ఆ జాబితా ధ్రువీకృత ప్రతి జత చేయాలి. మీరు తమ అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే ఫారం ఎ, ఫారం బి ఆఖరి రోజు మూడు గంటల లోపు చేరాలి. రాత్రికి రాత్రి అభ్యర్థులు మారే పార్టీల్లో మీ పేరు మీద బీ ఫారం రిటర్నింగ్ అధికారి చేతికి చేరి రసీదు వచ్చేదాకా టపాసులు కాల్చనివ్వకండి.

ప్రమాణం సంగతి చాలామంది మరిచిపోతారు. నామినేషన్ వేసిన తర్వాత, పరిశీలన తేదీకి ముందే అభ్యర్థి రాజ్యాంగానికి విధేయత ప్రకటిస్తూ ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. పరిశీలన రోజు ఉదయం చేస్తానంటే కుదరదు.

ఇక ఆస్తులు, ఆదాయం, కేసులు వెల్లడించే ఫారం 26 అఫిడవిట్. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. 2013లో రిసర్జెన్స్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది: ఖాళీలున్నాయని రిటర్నింగ్ అధికారి చెప్పినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు. ఒకసారి పరిశీలన గదిలో నా కళ్ల ముందే జరిగింది. అభ్యర్థికి ఆధారపడినవారు ఇద్దరే. ఫారంలో మూడో గడి ఉంది. గుమాస్తా దాన్ని వదిలేశాడు. కార్యాలయం ఇచ్చిన చెక్‌లిస్టులో ఆ లోపం రాసే ఉంది, ఊరేగింపు హడావిడిలో ఆ కాగితం ఎవరి జేబులోకో వెళ్లిపోయింది. పరిశీలన రోజు పొద్దున్న పది దాటాక ప్రత్యర్థి న్యాయవాది చేతిలో అదే పేజీ నకలు కనిపించింది. కొత్త అఫిడవిట్ అచ్చు తీసి, నోటరీని ఇంటి నుంచి స్కూటరు మీద తీసుకొచ్చి, పదకొండుకు నాలుగు నిమిషాల ముందు అందించారు. రాయవలసింది ఒక్క మాట: "వర్తించదు." మీరు ఆ మాటను మీ చేత్తోనే ప్రతి గడిలో రాయండి, జూనియర్లకు వదలకండి.

అబద్ధపు అఫిడవిట్ ఇవ్వడం, వివరాలు దాచడం ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలుకు దారితీసే నేరం. పెండింగు క్రిమినల్ కేసులుంటే వాటి వివరాలు ప్రచార కాలంలో మూడుసార్లు పత్రికలో, టీవీలో ప్రకటించాలి. రిటర్నింగ్ అధికారితో వాదన వస్తే గొంతు పెంచకండి. అసలు విషయానికి చెందని చిన్న లోపానికి నామినేషన్ తిరస్కరించరాదని అదే చట్టం 36వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ చెబుతోంది. ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టండి.

ఏడో మెట్టు: ఖర్చు, పోలింగ్, లెక్కింపు

మన రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 95 లక్షలు, శాసనసభకు 40 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో లెక్క అప్పగించాలి, లేదంటే మూడేళ్ల అనర్హత. ఓడినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఓటమి దిగులులో లెక్కల సంగతి వదిలేసి, తర్వాతి ఎన్నికకు నామినేషన్ వేయబోయేటప్పుడు అనర్హుల జాబితాలో పేరు చూసుకుని నెత్తి పట్టుకుంటారు.

పోలింగ్ ముగిశాక ప్రతి కేంద్రంలోనూ మీ ఏజెంటు ఫారం 17సి నకలు తీసుకునే కదలాలి. పోలైన ఓట్ల సంఖ్య, యంత్రాల నంబర్లు అందులో ఉంటాయి. లెక్కింపు రోజున వాటితో పోల్చి చూడటానికి ఒక చిన్న బృందాన్ని కూర్చోబెట్టండి. జూనియర్ న్యాయవాదులు ఈ పనికి సరిగ్గా సరిపోతారు.

ఎన్నిక మధ్యలో హైకోర్టుకు పరుగెత్తకండి. రాజ్యాంగం 329వ అధికరణం అడ్డుంది, 1952 నాటి పొన్నుస్వామి తీర్పు నుంచి ఇదే న్యాయం. ఫిర్యాదు ఉంటే ఫలితం వచ్చాక 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు ఇక్కడ లేదు. మీరు గెలిచినా ఆ 45 రోజులూ కాగితాలు భద్రం, ఎందుకంటే ప్రతివాది అయ్యేది మీరే. మతం, కులం పేరు చెప్పి ఓటడిగినట్టు ఒక్క వీడియో దొరికినా ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద ఎన్నిక రద్దయ్యే ప్రమాదం ఉంది. ఆ సంగతి వేదిక ఎక్కే ప్రతి బంధువుకూ ముందే చెప్పండి.

ఢిల్లీలో మొదటి సమావేశాలు

ఎంపీ అయ్యాక నల్లకోటు విప్పాలా? అక్కర్లేదు. చట్టసభల సభ్యులు న్యాయవాద వృత్తి కొనసాగించవచ్చని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. మంత్రి పదవి వస్తే మాత్రం ప్రాక్టీసు పక్కన పెట్టాలి. నా మటుకు నేను మొదటి రెండేళ్లు కోర్టుకు దూరంగా ఉండమనే చెబుతాను. సభ 11 గంటలకు ప్రశ్నోత్తరాలతో మొదలవుతుంది, కోర్టు కూడా దాదాపు అప్పుడే.

న్యాయవాది ఎంపీకి అన్నింటికంటే నచ్చే ఆయుధం ప్రైవేటు సభ్యుల బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు తెచ్చే బిల్లు. శుక్రవారం మధ్యాహ్నాలు వాటికి కేటాయిస్తారు. రాయండి, ప్రవేశపెట్టండి, కాని చట్టమవుతుందని కలలు కనకండి. స్వాతంత్ర్యం తర్వాత ఇప్పటిదాకా అలా చట్టమైనవి పద్నాలుగే. ఆఖరిది 1970లో, సుప్రీంకోర్టు క్రిమినల్ అప్పీళ్ల పరిధిని పెంచిన చట్టం. దాన్ని తెచ్చిన ఆనంద్ నారాయణ్ ముల్లా హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు.

నిజమైన పని స్థాయీ సంఘాల్లో, అంటే ప్రభుత్వ శాఖల పని పరిశీలించే ఎంపీల సంఘాల్లో జరుగుతుంది. శాఖలవారీగా 24 సంఘాలున్నాయి, ఒక్కోదానిలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. కెమెరాలుండవు, అరుపులుండవు, శాఖ కార్యదర్శి ఎదురుగా కూర్చుని జవాబు చెబుతాడు. క్రాస్ ఎగ్జామినేషన్ తెలిసిన మనిషికి అంతకంటే ఏం కావాలి? అందరూ న్యాయశాఖ సంఘమే అడుగుతారు. మీరు గ్రామీణాభివృద్ధినో, పట్టణాభివృద్ధినో, జలవనరులనో అడగండి. కౌన్సిల్ ఎజెండాలు చదివిన అనుభవం అక్కడ పనికొస్తుంది.

ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. ఏడు సెగ్మెంట్లకు పంచితే ఒక్కోదానికి 70 లక్షల చిల్లర వస్తుంది. మొదటి నెలలోనే ప్రతి ఊరి నుంచీ ఒక కల్యాణ మండపం కోరిక వస్తుంది, కాబట్టి ఏ రకం పనులకు ఇస్తారో ముందే రాతపూర్వకంగా ప్రకటించేయండి.

మొదటి ప్రశ్న దేని మీద వేయాలో తెలియకపోతే పెట్టె అడుగున ఉన్న వార్డు ఓటర్ల జాబితా తీయండి. మార్జిన్‌లో పెన్సిలు గీతలు ఇంకా ఉంటాయి. వేలిముద్ర పడక పింఛను ఆగినవారు దేశం మొత్తం మీద ఎందరు, వారికి ప్రత్యామ్నాయం ఏమిటి అని రెండు వాక్యాల్లో రాసి నోటీసు ఇవ్వండి. జవాబు రోజుకు పదిహేను రోజుల ముందే అది సచివాలయానికి చేరాలి.